మా పేట గుర్రం

టేపు తిరుగుతోంది. హాల్లో అందరి మొహాలూ టీవీ వైపు ఉన్నాయి, నాది మాత్రం గుమ్మం వైపు ఉంది. టీవీలో డ్రమ్ము మోగినప్పుడల్లా నా చెయ్యి రిమోట్ మీదికి పోయి రెండు గీతలు తగ్గిస్తోంది, నాన్న చెయ్యి పోయి మూడు గీతలు పెంచుతోంది. ఏమే నళినీ, మల్లికార్జునరావు గారికి వినపడొద్దూ అంటున్నాడు నాన్న. వినపడాలి, ఆయనకి తప్పకుండా వినపడాలి, నాన్న కంపెనీలో ఆయన పెద్ద తలకాయ, మా ఇంటికి రావడం ఇదే మొదలు, ఆయన సరేనంటే నాన్న ఉద్యోగం ఇంకో మూడేళ్ళు సాగుతుంది, ఊఁహూఁ అంటే ఈ సోఫాలూ ఈ టీవీ నా చదువూ అన్నీ అట్టపెట్టెల్లోకి పోతాయి. కానీ ఈ మోత ఆయన చెవి దగ్గర ఆగి చావదు కదా. హౌగాంగ్ ఫ్లాట్లలో తలుపు బార్లా తీసి ఇనుప గేటు ఒక్కటే వేసుకుని కూర్చోవడం మాకందరికీ అలవాటు, తలుపేస్తానంటే ఇంతమందికి గాలాడొద్దా అని అమ్మ కసిరింది, ఆ గేటు సందుల్లోంచి డ్రమ్ములు కారిడార్లోకి పోతున్నాయి, కారిడారు వెంట లిఫ్టు దాకా, లిఫ్టు దాటి మలుపు తిరిగి చివరి ఇంటి దాకా పోతాయేమోనని నా ప్రాణం గిలగిల్లాడుతోంది. ఆ చివరి ఇంట్లో బంగారయ్య అంకుల్ ఉంటాడు. ఈ టేపు ఇక్కడ పని చెయ్యదని పొద్దున నేను ఆయనకి చెప్పాను.

ఎంత సుళువుగా వచ్చిందో ఆ అబద్ధం, తడుముకోలేదు కూడా. లిఫ్టు దగ్గర ఎదురుపడ్డాడు, చేతిలో దారం కట్టిన ప్లాస్టిక్ సంచీలో కాఫీ, ఒంటి మీద ఆదివారం బనీను, ఏం పాపా, మకాన్ అయిందా అన్నాడు ఎప్పట్లాగే, తిన్నావా అని. తిన్నానంకుల్ అన్నాను. ఇవాళ నాకు షిఫ్టు లేదు, సాయంత్రం నీ టేపులో గుర్రాలు చూపిస్తావా, ఆంటీ నిన్నటినుంచీ అడుగుతా ఉంది అన్నాడు. అప్పటికే రాత్రి వంటింట్లో అమ్మ తేల్చి చెప్పేసింది, ఇంకోరోజు పిలుద్దాంలే, రేపు మాత్రం వద్దు, ఉగాదికి ఏమైందో చూశావుగా అని. ఉగాదికి ఏమీ కాలేదు, గుడి హాల్లో పచ్చడి పంచుతుంటే బంగారయ్య అంకుల్ మల్లికార్జునరావు గారి భుజం మీద చెయ్యి వేసి ఏ ఊరు తంబీ అన్నాడు, ఆయన కాకినాడ అనగానే మా తాతకి తాత కూడా ఆ జిల్లానే, అయితే మనం సొంతం, చుట్టాలం అని సంబరపడిపోయాడు, అంతే. మల్లికార్జునరావు గారు భుజం మీది చెయ్యి వంక చూసిన చూపు అమ్మ మర్చిపోలేదు. అరవం ఉడికించి మలయ్ తాలింపు పెట్టినట్టుంటుంది ఆయన తెలుగు అని అమ్మ నవ్వుతుంది, నేనూ నవ్వేదాన్ని. కాబట్టి లిఫ్టు దగ్గర నేను చెప్పాను, ఆ టేపు వాళ్ళ దేశం సిస్టమ్ అంకుల్, మన వీసీఆర్లో ఆడదు. సిస్టమ్ అన్న మాట మా ఇంట్లో నీళ్ళలాగా వాడతాం, ఆ మాట అంటే ఎదుటివాడు ఇక ప్రశ్న వెయ్యడు. ఆయనా వెయ్యలేదు. అట్లనా, అయ్యో అన్నాడు, నా మొహంలోకి చూసి, నాకే ఏదో నష్టం జరిగినట్టు బాధపడ్డాడు. లిఫ్టు తలుపులు మూసుకున్నాక అద్దంలో నా మొహం మామూలుగానే ఉంది, అదే నాకిప్పుడు రోతగా ఉంది.

టీవీలో ఇప్పుడు వీధి కనపడుతోంది, మా వీధే, నాకు బస ఇచ్చిన ఒరియానా ఇల్లున్న వీధి. మా వీధి అంటున్నానంటే చూడండి, ఉన్నది ఆరు వారాలు, వేసవి కోర్సుకి ఇటలీలో సియెనా వెళ్ళిన సింగపూర్ యూనివర్సిటీ పిల్లని, నాలుగేళ్ళ నుంచి ఉంటున్న హౌగాంగ్‌ని ఎప్పుడూ మా బ్లాక్ అనడమే తప్ప మా వీధి అన్నది లేదు. ఆ ఊళ్ళో పదిహేడు పేటలు. పేట అని నేను పెట్టుకున్న పేరు, వాళ్ళు ఇంకేదో అంటారు. మాది ఏ పేటో చెప్పను, చెబితే పక్క పేటవాళ్ళు ఇప్పటికీ పగలబడి నవ్వుతారు. ఆ సందులో పుట్టిన బిడ్డకి ఆ సందు కుళాయి నీళ్ళే తల మీద పోస్తారు, ఇక చచ్చేదాకా ఆ పేట మనిషే, పెళ్ళి చేసుకుని ఎక్కడికి పోయినా అంతే, మొగుడిదో పేట పెళ్ళాందో పేట అయితే గుర్రప్పందెం రోజుల్లో ఎవరి పుట్టింటికి వాళ్ళు పోతారు, అలగడం కాదు, అది పద్ధతి. మల్లికార్జునరావు గారికి ఈ సంగతి చెప్పాను ఇందాక, ఆయన తెగ నవ్వారు, మనవాళ్ళ పార్టీలే నయం అన్నారు, ఆయన భార్య కమలాదేవి గారు నవ్వీ నవ్వకుండా మురుకు కొరికారు, నాన్న మొహం వెలిగిపోయింది. నేనెంత బాగా చెబుతున్నానో. పొరుగు అంటే ఏమిటో ఆ ఊళ్ళో నేర్చుకోవాలండీ అని కూడా అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చి పావుగంట కాలేదు.

అక్కడికి వెళ్ళిన కొత్తలో ఒరియానా అడిగింది, నీ పేట ఏది అని. డెబ్భై ఏళ్ళ మనిషి, మొగుడు పోయాడు, వంటింటి బల్ల మీద బీన్సు ఒలుస్తూ అడిగింది. హౌగాంగ్ అన్నాను. అక్కడ ఎవరెవరున్నారు అంది. బ్లాకులున్నాయి, పన్నెండు అంతస్తులు, కింద తిండి కొట్లుండే హాకర్ సెంటరు అన్నాను. అది కాదు, ఎవరున్నారు అంది మళ్ళీ. అప్పుడు నాకు తెలిసింది, ఆమె పేర్లు అడుగుతోందని, నా దగ్గర పేర్లు లేవని. పక్కింటి చైనీస్ ముసలాయన పేరు తెలీదు, ఎదురు బ్లాకులోంచి రోజూ చెయ్యి ఊపే మలయ్ ఆవిడ పేరు తెలీదు. తెలిసింది ఒక్కటే, బంగారయ్య. ఆయన పేరు చెప్పాను. నేను ఎయిర్‌పోర్టుకి బయలుదేరిన రోజు నాన్నకి ఆఫీసులో సర్వర్ పడిపోతే బంగారయ్య తన టాక్సీలో నన్నూ అమ్మనీ తీసుకెళ్ళాడని, సూట్‌కేసు తనే లోపలిదాకా మోశాడని, దారి పొడుగునా గుర్రాల గురించే మాట్లాడాడని చెప్పాను. ఒరియానాకి ఆ పేరు తెగ నచ్చింది, బంగరాయ బంగరాయ అని నోట్లో తిప్పుకుని, మర్నాటినుంచీ ఇంటికి ఫోను చేశావా, బంగరాయ ఎలా ఉన్నాడు అని అడిగేది. నేనూ గొప్పగా చెప్పుకునేదాన్ని. మా పేటలో ఒక పెద్దమనిషి ఉన్నాడని వాళ్ళందరి దగ్గరా ఆయన్ని చూపించుకుని తిరిగాను, అక్కడ అవసరమయ్యాడు కాబట్టి. ఇక్కడికొచ్చాక దాచేశాను.

ఆయనకేం గుర్రాల పిచ్చి లేదు. పిచ్చంతా ఆయన భార్య సీతాలక్ష్మి ఆంటీది. ఆవిడ తండ్రి పాత రేసుకోర్సులో గుర్రాలు చూసుకునేవాడట, ఆవిడ పుట్టింది లాయాల వెనక గదుల్లో, ముగ్గురు తమ్ముళ్ళకంటే గుర్రాలనే ఎక్కువ ఎత్తుకున్నానంటుంది, ఎత్తుకోవడం ఏమిటో. ఇప్పుడు మోకాళ్ళు పట్టేసి లిఫ్టు దాకా రావడమే యాతన, టీవీలో రేసులు చూడదు, అందులో గుర్రం మొహం కనపడదంటుంది. నేను సియెనా నుంచి ఇంటికి ఫోను చేసినప్పుడు బంగారయ్య అంకుల్ మా ఇంట్లోనే ఉన్నాడు ఒకసారి, ఏదో అరిటాకులు ఇవ్వడానికి వచ్చి, అమ్మ రిసీవరు ఆయన చేతికిచ్చింది, ఇక్కడ పందేనికి ముందు గుర్రాన్ని గుళ్ళోకి తీసుకెళ్ళి దీవిస్తారంకుల్ అని చెప్పాను. గుళ్ళోకి గుర్రమా అన్నాడు. ఆ మాట ఆయన ఆంటీకి చెప్పాడు, ఆవిడ నమ్మలేదు, ఆ పాప వేళాకోళం ఆడుతోందంది, అప్పట్నుంచీ మొగుడూ పెళ్ళాల మధ్య అదో పంచాయితీ, నేను టేపు తెస్తే తేలాలి. నేను తెచ్చాను. వచ్చి పది రోజులైంది. మొదటి వారం జెట్‌లాగ్ అన్నాను.

వీధిలో బల్లలు వేస్తున్నారు టీవీలో, పందేనికి ముందు సాయంత్రం, ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఒకటే పొడుగాటి బల్ల, తెల్లటి గుడ్డలు, పేటంతా అక్కడే భోజనం. కెమెరా ఒరియానా అన్న కొడుకుది, వాడే కాసెట్ కాపీ చేసి ఇచ్చాడు. అదుగో నేను, మొహం ఎర్రగా ఎండకి కమిలిపోయి, ఒరియానా పక్కన కూర్చుని ఏదో నములుతున్నాను, నా చున్నీ చివర ఎవరో పసిపిల్ల పట్టుకుని లాగుతోంది. మాంసం తిన్నావా ఏమిటే అని అమ్మ గుసగుసగా అడుగుతోంది, అందరూ వింటున్నారని తెలిసి మరీ. రొట్టెలే అన్నాను. ఇదొకటి. అబద్ధాలు ఒకదాని తోక పట్టుకుని ఇంకొకటి వస్తున్నాయి ఇవాళ. ఇంతమంది వీధిలో తింటే ట్రాఫిక్ ఏం కాను అన్నారు మల్లికార్జునరావు గారు, అందరూ నవ్వారు. ఈ బల్ల మీద ఇంతమందికి చోటు చూసిన కళ్ళతో మా హాల్లో చూస్తున్నాను, నాన్న ఆఫీసువాళ్ళు ఇంకొకరితో కలిపి మూడు కుటుంబాలు, ఎనిమిది కుర్చీలు, సోఫా చేతి మీద ఎవరైనా కూర్చోవచ్చు, గోడవార చాప వెయ్యొచ్చు. ఇద్దరికి చోటు లేక కాదు. ఆ సంగతి నాకు తెలుసు, అమ్మకి తెలుసు, సిగ్గుగా ఉంది, అది మొహంలో కనపడుతోందేమో, కమలాదేవి గారు పిల్ల అలిసిపోయినట్టుంది అంటున్నారు.

ఇంకాస్త ముందుకి పోతే పందెం వస్తుంది, నా గొంతు కూడా వస్తుంది, దాన్నైనా తగ్గించాలి. ఆ రోజు పందెం జరిగే చౌకు మధ్యలో మూడు గంటలు నిలబడ్డాం, చుట్టూ మట్టి పరిచిన దారి, మధ్యలో మనుషులు, దారులు మూసేశాక ఇక బయటికి పోవడానికి లేదు, నీళ్ళు తాగాలన్నా భయమే. పందెం మొదలయ్యే తాడు దగ్గర గుర్రాలు నిలవవు, నిలిచాయనుకుంటే ఒకటి తిరిగిపోతుంది, మళ్ళీ మొదలు, ఎవరూ విసుక్కోరు, ఒరియానా పెదాలు కదులుతున్నాయి, ప్రార్థనో తిట్లో తెలీదు. తాడు పడింది. ఒకటిన్నర నిమిషం. రెండో చుట్టు మలుపులో మా రౌతు పడిపోయాడు, గుర్రం ఆగలేదు, ఖాళీ వీపుతో పరిగెత్తింది, రౌతు లేకపోయినా గుర్రం గెలిస్తే పేట గెలిచినట్టే, అందరూ ఒకే గొంతుతో దాని పేరు పిలుస్తున్నారు, నేనూ పిలిచాను, అది ఒక్కొక్కదాన్నీ దాటుకుంటూ వచ్చి ఒక మూర తేడాతో రెండోది అయింది. నేను ఎగిరి చప్పట్లు కొట్టాను. సెకండ్, సెకండ్, కంగ్రాచ్యులేషన్స్ అని అరిచాను, ఒరియానా భుజాలు పట్టుకుని ఊపేశాను కూడా. మా ఇంట్లో సెకండ్ ర్యాంకు వస్తే పేపర్లో పేరు వెతుకుతారు, స్వీట్లు పంచుతారు, పదోతరగతిలో స్కూలు సెకండ్ వచ్చినందుకు నాన్న కట్టించిన ఫ్రేము ఇదుగో ఈ టీవీ మీదే ఉంది. నాకెలా తెలుస్తుంది, ఆ ఊళ్ళో అందరికంటే ఆఖరున వచ్చినా ఫరవాలేదు గానీ రెండోది రాకూడదని, అంత దగ్గరికొచ్చి పోగొట్టుకున్నవాళ్ళే అందరికంటే ఓడిపోయినవాళ్ళని. చుట్టూ మగవాళ్ళు ఏడుస్తున్నారు, నా చప్పట్లు ఒక్కటే వినపడుతున్నాయి. తల కొట్టేసినట్టయింది. ఒరియానా తిట్టలేదు, అరచెయ్యి తెచ్చి నా నోటి మీద పెట్టింది, బీన్సు వాసన వేసే చెయ్యి, అలాగే నా భుజం పట్టుకుని పేట దాకా నడిపించింది. ఆ దారంతా ఒక్కరూ మాట్లాడలేదు, ఫరవాలేదనీ మళ్ళీ ఏడు చూద్దామనీ ఎవరూ ఎవరికీ చెప్పలేదు, పక్కన నడిచారు, అంతే. సారీ చెబుదామని నేను నోరు తెరిచినప్పుడల్లా ఆ చెయ్యి కొంచెం బిగిసేది. మర్నాడు భోజనానికి పిలవరనుకున్నాను. నా కంచం ఉన్నచోటే ఉంది.

గుడి వచ్చింది టీవీలో, మా పేట చర్చి. డ్రమ్ములు ఆగిపోయాయి, వీధంతా నిశ్శబ్దం, చిన్న గుడి, జనం గోడలకి అతుక్కుపోయి దారి ఇచ్చారు, రాతి నేల మీద డెక్కల చప్పుడు, మా గుర్రం తల వంచుకుని లోపలికి వస్తోంది. కళ్ళు కనపడుతున్నాయి దానివి, పెద్దవి, తడిగా. ఇదే కదా సీతాలక్ష్మి ఆంటీ చూడాలనుకున్నది, నేను పళ్ళు బిగబట్టుకుని చూస్తున్నాను, ఇప్పుడైనా లేచి వెళ్ళి పిలవొచ్చు, పని చేసిందంకుల్ రండి అనొచ్చు, ఆ అబద్ధం మీద ఇంకో చిన్న అబద్ధం, ఎవరికీ నష్టం లేదు, ఆంటీ నడిచి వచ్చేసరికి గుర్రం బయటికి పోతుంది గానీ మళ్ళీ వెనక్కి తిప్పొచ్చు. లేవాలి. కమలాదేవి గారు ఛీ ఛీ గుళ్ళో పేడ వేసేసింది అంటున్నారు, అది శుభమండీ వాళ్ళకి అంటున్నాను, లేవలేదు, మల్లికార్జునరావు గారు నాన్నతో మీ అమ్మాయి మంచి కమ్యూనికేటరండీ అంటున్నారు, ఆ మాట కోసం నాన్న నెలనుంచీ ఎదురుచూస్తున్నాడు, ఈ ఒక్క నిమిషం అయ్యాక లేస్తాను. పూజారి చెయ్యి ఎత్తాడు, వెళ్ళు, గెలిచి తిరిగిరా అంటాడు గుర్రంతో, ఆ ఒక్క మాటే అంటాడు.

గేటు దగ్గర ఏదో ఇనుముకి తగిలిన చప్పుడైంది. బంగారయ్య అంకుల్. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, విభూతి పెట్టుకున్నాడు, రెండు చేతులతో పొట్టకి ఆనించుకుని ఒక వీసీఆర్ పట్టుకున్నాడు, నల్లటిది, పాతది, దాని వైరు కిందికి వేలాడుతోంది. ఆ వీసీఆర్ ముందు భాగం మీద వెండి అక్షరాలతో మల్టీ సిస్టమ్ అని రాసి ఉంది, ఇక్కణ్ణుంచి చదవగలుగుతున్నాను. ఎక్కడినుంచి తెచ్చాడో, టాక్సీ స్నేహితుణ్ణి అడిగాడేమో, యీషున్‌లో వీడియో కొట్టు ఉన్న బావమరిది గురించి ఎప్పుడో చెప్పాడు, అంత దూరం పోయి తెచ్చాడేమో, ఏ దేశం టేపైనా ఆడే యంత్రం. ఆయన కళ్ళు నా మీద పడ్డాయి, టీవీ మీదికి పోయాయి, గుళ్ళో గుర్రం మీద ఆగాయి. గుమ్మం బయట చెప్పుల వరస చూశాడు. మళ్ళీ నన్ను చూశాడు. అంతా అర్థమైపోయిన మనిషి మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు ఇప్పుడు, ఏమీ మారదు, కనురెప్పలు కొంచెం నెమ్మదిగా ఆడతాయి.

ఎవరండీ అన్నారు మల్లికార్జునరావు గారు, ఉగాది సంగతి గుర్తే లేనట్టు. మా నైబర్ సార్ అన్నాడు నాన్న లేచి నిలబడి, ఏం చెయ్యాలో తెలియక గేటు గొళ్ళెం తీసి మళ్ళీ వేసి మళ్ళీ తీశాడు. అమ్మ పమిట సర్దుకుంటోంది.

"ఏం లేదు సార్, ఈ మెషీను రిపేరుకి తీసుకుపోతా ఉన్నా, సౌండు వినపడితే సుమ్మా ఎట్టి చూసినా," అన్నాడు బంగారయ్య అంకుల్, ఊరికే తొంగి చూశానని. తంబీ అనలేదు. సార్ అన్నాడు. ఆ తర్వాత నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, "సిస్టమ్ సెట్ అయిపోయిందా పాపా? మంచిదే," అన్నాడు, నవ్వాడు కూడా. నేను పొద్దున చెప్పిన దాన్ని ఆయనే తీసుకుని, మడతపెట్టి, ఎవరికీ కనపడకుండా జేబులో పెట్టేసుకున్నాడు. నేను నోరు మూసుకుని ఉంటే అయిపోయేది. ఆయన రిపేరు కొట్టుకి పోతూ ఒక నిమిషం ఆగిన మనిషిగానే తిరిగిపోయేవాడు, మల్లికార్జునరావు గారు టీవీ వైపు తిరిగేవారు. కానీ ఆ నవ్వు నేను భరించలేకపోయాను. నాకు ఆ క్షణంలో నా సిగ్గు ఒక్కటే కనపడింది, అది దించుకోవాలి, ఎక్కడో ఒకచోట పారెయ్యాలి, ఇంకేం ఆలోచన లేదు.

"రిపేరుకి కాదు," అన్నాను అందరికీ వినపడేలా. "ఈ టేపు ఆడదని పొద్దున నేనే అంకుల్‌కి అబద్ధం చెప్పాను. ఇవాళ ఆయన రాకూడదని చెప్పాను. అది నిజమనుకుని ఆయన ఎక్కడినుంచో మెషీను మోసుకొచ్చారు."

ఎంత తేలిగ్గా అనిపించిందో, ఒక్క ఊపిరి తీసుకునేంత సేపు. గొప్ప పని చేసినట్టు, ఇంటిల్లిపాదీ చెయ్యలేని ధైర్యం నేను చేసినట్టు. ఆ తర్వాత ఆయన మొహం చూశాను. చెవులు ఎర్రబడ్డాయి, ముసలి చెవులు, వీసీఆర్ ఎటు పెట్టుకోవాలో తెలియక ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చాడు, వైరు జారి నేలకి తగిలింది, వంగి దాన్ని ఎత్తుకుని చేతికి చుట్టుకుంటున్నాడు, చుట్టుకుంటూనే ఉన్నాడు, ఇంకా చూస్తున్నారా అని తల ఎత్తకుండా. చూస్తూనే ఉన్నారు. నలుగురిలో ఇంతవరకూ ఆయన పనుండి దారిన పోయే మనిషి, ఇప్పుడు పిలవని ఇంటికి వచ్చిన మనిషి, వద్దనుకున్న మనిషి, ఆ వద్దనుకోవడం తెలియక పెట్టె మోసుకొచ్చిన అమాయకుడు, ఇదంతా నేనే విప్పి చూపించాను. కమలాదేవి గారు అయ్యో పాపం అన్నారు. ఆ జాలి ఆయన మీద పడింది. రండి కూర్చోండి అన్నాడు నాన్న. "లేదు లేదు, నాకు షిఫ్టు ఉంది," అన్నాడు బంగారయ్య అంకుల్. ఆదివారం ఆయనకి షిఫ్టు లేదు. వెళ్ళిపోయాడు.

టీవీలో డ్రమ్ములు మళ్ళీ మొదలయ్యాయి, మల్లికార్జునరావు గారు గ్లాసులో మంచినీళ్ళు ఉన్నాయో లేవో చూసుకుంటున్నారు, నాన్న ఫ్రిజ్ దగ్గరికి పోయి తలుపు తీసి అలాగే నిలబడ్డాడు. నేను గేటు దగ్గరికి వెళ్ళాను, వెనకాలే అమ్మ వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది. నన్ను తిడుతుందనుకున్నాను, సార్ ముందు ఏమిటా మాటలని, నాన్న ఉద్యోగం ఏం కాను అని, దానికి నా దగ్గర జవాబులు సిద్ధంగా ఉన్నాయి, అసలు నువ్వు వద్దన్నావు కాబట్టే అని మొదలయ్యేవి. అమ్మ కళ్ళల్లో నీళ్ళున్నాయి.

"ఆయన్ని పిలవకపోవడం నా తప్పే, ఒప్పుకుంటాను. కానీ ఆయన పరువు కాపాడుకుని పోతుంటే నలుగురిలో తీసింది నేను కాదే," అంది అమ్మ.

చెప్పులు వేసుకోలేదు. కారిడార్లో సాయంత్రపు ఎండ గోడ మీద సగం దాకా ఉంది, ఎవరో ఆరేసిన బట్టల నీళ్ళు కారి నేల తడిగా ఉంది, వెనక మా ఇంట్లోంచి పందెం వినపడుతోంది, ఎవరూ వివరించకపోయినా పందెం జరిగిపోతుంది, జనం గుర్రం పేరు పిలుస్తున్నారు, తర్వాత నా గొంతు, సెకండ్ సెకండ్ అని, దాని వెనకాలే మా హాల్లో చప్పట్లు, మల్లికార్జునరావు గారు సెకండ్ కూడా మంచి ర్యాంకే కదండీ అంటున్నారు, పోనీ ఏదో ఒకటి మాట్లాడుతున్నారు పాపం, అందరూ ఊపిరి పీల్చుకున్నట్టు చప్పట్లు కొడుతున్నారు. నేను పరిగెత్తాలనుకుని నడుస్తున్నాను. ఏమని చెప్పాలి. క్షమించండంకుల్ అనాలి, కాళ్ళు పట్టుకోవాలి, రండి ఇప్పుడే రండి ఆంటీని తీసుకుని, అందరి ముందూ కూర్చోబెడతాను అనాలి. అందరి ముందూ. మళ్ళీ అందరి ముందే. లిఫ్టు దాటాను. లిఫ్టు పక్కన ఎవరిదో సైకిలు, తులసి కుండీ, అగరొత్తుల బూడిద. మలుపు తిరిగాను. వాళ్ళ గేటు మూసి ఉంది, తలుపు తీసి ఉంది, లోపల అరవ సీరియల్ నడుస్తోంది, దాని రొదలో మా డ్రమ్ములు ఇక్కడిదాకా వచ్చినట్టు లేవు. గేటు సందులోంచి సీతాలక్ష్మి ఆంటీ వీపు కనపడుతోంది, పట్టుచీర కట్టుకుంది, జడలో మల్లెపూలు, కుర్చీలోనే కూర్చుని ఒక కాలు చెప్పులో పెట్టుకుని ఇంకో చెప్పు కోసం పాదంతో వెతుకుతోంది, ఆయన మెషీను బిగించి వచ్చి పిలుస్తానని చెప్పి పోయి ఉంటాడు. బంగారయ్య అంకుల్ వీసీఆర్‌ని బల్ల మీద దించి, నా వైపు వీపు పెట్టి దాని మీద గుడ్డ కప్పుతున్నాడు.

నేను గేటు కడ్డీ పట్టుకున్నాను. పిలవడానికి నోరు తెరిచాను.

"దీంట్లో కూడా ఆడలేదు," అన్నాడు ఆయన పెళ్ళాంతో.

"అట్లనా," అంది సీతాలక్ష్మి ఆంటీ. "అయ్యో పావం ఆ పాప. అంత దూరం నుంచి తెచ్చింది, మనకి చూపించలేకపోతినే అని ఎంత ఏడుస్తుందో." ఆ రెండో చెప్పు దొరికింది కాలికి, దొరికిన చెప్పునీ మొదటి చెప్పునీ కూడా వదిలేసి కుర్చీలో వెనక్కి వాలింది. "రేపు పాపని మకాన్‌కి పిలువు. టేపు పోతే పోనీ, గుర్రం గుళ్ళోకి ఎట్లా పోయిందో నోటితో చెప్పమందాం."

ఆయన గుడ్డ సర్దడం ఆపలేదు. సరే, పిలుస్తా అన్నాడు.